గేమింగ్ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ చెడిపోయినప్పుడు: చిప్‌ను వేడి చేయించే ముందు తెలుసుకోవలసిన సంగతులు

మీరు అడిగిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీది మూడేళ్ల కిందట కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్. అందులో రైజెన్ 7 5800హెచ్ ప్రాసెసర్, దానికి తోడు 6 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ చిప్ ఉన్నాయి. వారంటీ ముగిసి నాలుగు నెలలైంది. మొదట ఆటల్లో రంగురంగుల గళ్లు కనిపించాయి. తర్వాత ఆట మధ్యలో తెర నల్లబడి మళ్లీ రావడం మొదలైంది. ఇప్పుడు డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ కార్డు పేరు పక్కన పసుపు గుర్తు, దాని మీద నొక్కి చూస్తే కోడ్ 43 అని వస్తున్నాయి. సర్వీస్ సెంటర్ వారు మదర్‌బోర్డు మొత్తం మార్చాలంటూ 62,000 రూపాయలు అడిగారు. బయట ఒక దుకాణంలో రీబాలింగ్ (చిప్‌ను లేపి, కింది టంకపు బంతులు మార్చి మళ్లీ అతికించడం) చేస్తే సరిపోతుందని 8,000 చెప్పారు. వేడిగాలి ఊదే హీట్ గన్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చంటూ స్నేహితుడొకరు వీడియో పంపారు. ఈ మూడింటిలో దేన్ని ఎంచుకోవాలన్నది మీ ప్రశ్న.

ప్రస్తుతానికి మూడూ వద్దన్నదే నా సమాధానం. ఏది చెడిందో తేలకముందే దేనికి డబ్బు పెట్టినా అది గుడ్డిగా పెట్టినట్టే అవుతుంది. పైగా మీ వివరాలను బట్టి చూస్తే ల్యాప్‌టాప్ ఇంకా చావలేదు. ప్రాసెసర్ లోపలే మరొక గ్రాఫిక్స్ భాగం ఉంది కాబట్టి ఈ యంత్రం చదువుకు, ఆఫీసు పనికి, తేలికపాటి ఆటలకు ఇంకా కొన్నేళ్లు ఉపయోగపడగలదు. చాలామంది చేతిలో అలా పనిచేస్తున్న ల్యాప్‌టాప్ పూర్తిగా మూలపడటానికి కారణం మొదటి లోపం కాదు, దాన్ని బాగుచేయబోయి బోర్డుకు తగిలించిన వేడి. బోర్డు స్థాయి మరమ్మతుల్లో చాలా ఏళ్లుగా ఉన్నవాడిగా మీకు మొదట గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

అన్నిటికన్నా ముందు మీ ఫైళ్ల సంగతి చూసుకోండి. తెర వస్తున్నంతసేపే ఇది తేలికైన పని. ప్రాజెక్టు ఫైళ్లు, ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. ఆ తర్వాత బిట్‌లాకర్ (డిస్కులోని ఫైళ్లకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ ఎక్కడుందో వెతికి పెట్టుకోండి. విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన వెంటనే, వాడుకదారుకు తెలియకుండానే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది. దాని తాళం మదర్‌బోర్డుకు చెందిన టీపీఎం భద్రతా విభాగంలో ఉంటుంది. బోర్డు మార్చినా, కొన్ని సందర్భాల్లో బయాస్ (విండోస్ కన్నా ముందు యంత్రాన్ని లేపే ప్రోగ్రాం) రీసెట్ చేసినా, 48 అంకెల రికవరీ కీ అడుగుతూ నీలి తెర వస్తుంది. ఆ కీ లేకపోతే ఎస్‌ఎస్‌డీ బాగానే ఉన్నా అందులోని ఫైళ్లు ఎవరికీ అందవు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఫోన్ నుంచి వెళ్లి, పరికరాల విభాగంలో ఆ కీని చూసి కాగితం మీద రాసుకోండి. ల్యాప్‌టాప్‌ను ఏ దుకాణానికి ఇవ్వాల్సి వచ్చినా వీలైతే ఎస్‌ఎస్‌డీని విప్పి ఇంట్లో ఉంచుకొని ఇవ్వడం మంచిది. గ్రాఫిక్స్ చిప్ పరీక్షకు మీ డిస్కు అవసరం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు విడి వస్తువు, స్లాటులోంచి తీసి మరొకటి పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో దాన్ని కార్డు అని పిలుస్తున్నామే గాని అది కార్డు కాదు. గ్రాఫిక్స్ చిప్, దాని చుట్టూ మెమరీ చిప్‌లు, వాటికి కరెంటు అందించే చిన్న చిన్న విద్యుత్ భాగాలు, ఇవన్నీ ప్రాసెసర్ ఉన్న మదర్‌బోర్డు మీదనే టంకం వేసి ఉంటాయి. మీ తరగతి చిప్‌కు, అంటే 192 బిట్ల మెమరీ బస్సు (మెమరీకి సమాచారం వెళ్లివచ్చే దారి) ఉన్నదానికి, ఒక్కొక్కటి 1 జీబీ చొప్పున ఆరు మెమరీ చిప్‌లు ఉంటాయి. కాబట్టి 'గ్రాఫిక్స్ పోయింది' అన్న ఒక్క మాట వెనుక కనీసం మూడు వేర్వేరు జబ్బులు ఉండవచ్చు: మెమరీ చిప్ చెడటం, విద్యుత్ భాగం చెడటం, ప్రధాన చిప్ చెడటం. మూడింటికీ వైద్యం వేరు, ఖర్చు వేరు, బాగుపడే అవకాశమూ వేరు. చూడకుండానే రీబాలింగ్ అని చెప్పినవారు ఈ తేడాను పట్టించుకోలేదని అర్థం.

అంతకన్నా ముందు ఇది నిజంగా హార్డ్‌వేర్ లోపమేనా అని తేల్చుకోవాలి. గళ్లు కనిపించిన దశలో చేయదగిన మంచి పరీక్ష ఒకటుంది. మళ్లీ కనిపిస్తే వెంటనే స్క్రీన్‌షాట్ తీసి, ఆ బొమ్మను ఫోన్‌లోకి పంపి చూడండి. బొమ్మలో కూడా గళ్లు ఉంటే అవి గ్రాఫిక్స్ చిప్ వైపు నుంచి వచ్చినవి. బొమ్మ శుభ్రంగా ఉండి ల్యాప్‌టాప్ తెర మీద మాత్రమే గీతలుంటే లోపం తెరలోనో, మూత మడత దగ్గర వెళ్లే డిస్‌ప్లే కేబుల్‌లోనో ఉన్నట్టు. మూతను మెల్లగా ముందుకు వెనక్కు కదిపినప్పుడు గీతలు మారుతుంటే కేబుల్ మీదే అనుమానం పెట్టుకోవాలి. కేబుల్ మార్చడం చిన్న ఖర్చు. మీరు గళ్లు ఆటలో మాత్రమే కనిపించాయని, కింద టాస్క్‌బార్, డెస్క్‌టాప్ బాగానే ఉండేవని రాశారు. హైబ్రిడ్ పద్ధతిలో డెస్క్‌టాప్‌ను గీసేది ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్. విడి చిప్, అంటే ప్రాసెసర్‌కు బయట వేరుగా ఉన్న గ్రాఫిక్స్ చిప్, ఆట దృశ్యాన్ని తయారుచేసి దానికి అందిస్తుంది. అందువల్ల ఆట దృశ్యం మాత్రమే పాడైందంటే తెర, కేబుల్, ప్రాసెసర్ మూడూ నిర్దోషులని దాదాపు తేలిపోయినట్టే.

తెర నల్లబడి మళ్లీ రావడానికి కూడా స్పష్టమైన కారణం ఉంది. గ్రాఫిక్స్ చిప్ రెండు సెకన్లలోగా జవాబు ఇవ్వకపోతే విండోస్ దాని డ్రైవర్‌ను (చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను) ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. యంత్రంలో జరిగినవన్నీ విండోస్ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ విభాగం తెరిచి 4101 అన్న నంబరు గల సంఘటనలు ఎన్ని ఉన్నాయో, ఏ తేదీ నుంచి మొదలయ్యాయో చూడండి. ఆ తేదీ కొత్త డ్రైవర్ వేసిన రోజుతో సరిపోలితే ఆశ ఉన్నట్టే. నెలల తరబడి ముందు అప్పుడప్పుడు, తర్వాత తరచుగా వస్తూ ఉంటే హార్డ్‌వేర్ మెల్లమెల్లగా క్షీణించిందని అర్థం. ఆ చిట్టాను ఫొటో తీసి ఉంచుకోండి, తర్వాత కంపెనీతో మాట్లాడేటప్పుడు ఇది సాక్ష్యంగా పనికివస్తుంది.

కోడ్ 43 అంటే పరికరమే తనలో లోపం ఉందని తెలియజేయడంతో విండోస్ దాన్ని ఆపివేసిందని మాత్రమే అర్థం. డ్రైవర్ పాడైనా ఇది రావచ్చు. కాబట్టి ఒకసారి సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైన వాటితో మాత్రమే విండోస్ నడిచే స్థితి) వెళ్లి, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత ప్రోగ్రాంతో పాత డ్రైవర్‌ను ఆనవాలు లేకుండా తీసేసి, ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైటులో మీ మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్‌నే వేయండి. సరికొత్తది కాదు, వారు ఇచ్చినదే. అంతకు ముందు యంత్రాన్ని ఆపి, ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ను 30 నుంచి 60 సెకన్లు నొక్కి పట్టుకుంటే బోర్డు మీద మిగిలిన ఛార్జ్ పోతుంది. కొన్నిసార్లు ఇరుక్కుపోయిన చిప్ దీనితోనే మళ్లీ కనిపిస్తుంది. కంపెనీ యుటిలిటీలో ఎకో మోడ్ లాంటిది పొరపాటున ఆన్ అయి ఉంటే విడి చిప్ జాబితాలోంచే మాయమవుతుంది. దాన్ని చూసి చిప్ పోయిందని బెంబేలెత్తినవారూ ఉన్నారు, కానీ మీకు పేరు కనిపిస్తూ కోడ్ 43 వస్తోంది కాబట్టి మీ విషయంలో అది కారణం కాదు. శుభ్రంగా డ్రైవర్ వేసినా మళ్లీ కోడ్ 43 వస్తే సాఫ్ట్‌వేర్ సంగతి అక్కడితో వదిలేయండి. విండోస్‌ను పదేపదే ఇన్‌స్టాల్ చేయడం వల్ల ప్రయోజనం లేదు.

చివరి నిర్ధారణకు లినక్స్ (విండోస్‌కు బదులు వాడగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవ్ ఉపయోగపడుతుంది. దానితో బూట్ చేసి, టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీలో) ఎల్ఎస్‌పీసీఐ (lspci) ఆదేశం ఇస్తే గ్రాఫిక్స్ చిప్ పేరు కనిపించాలి. హైబ్రిడ్ మోడ్‌లో ఉన్నా పేరే లేదంటే చిప్‌కు కరెంటు అందకపోతూ ఉండవచ్చు, అంటే ముందు విద్యుత్ భాగాల వైపు చూడాలి. పేరు ఉండి, ఎన్విడియా (గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ) డ్రైవర్ ఉన్న లినక్స్‌లో ఎక్స్‌ఐడీ 79 (Xid 79) అనే సందేశం వస్తే మిగతా యంత్రంతో చిప్ సంబంధం తెంచుకుందని అర్థం. పేరు కనిపిస్తూ డ్రైవర్ మాత్రం మొదలుకాకపోతే మెమరీ మీద అనుమానం బలపడుతుంది. మొదట గళ్లు, తర్వాత డ్రైవర్ కూలడం, చివరికి కోడ్ 43 అన్న మీ వరుసను చూస్తే నా మొదటి అనుమానం కూడా మెమరీ చిప్ మీదే. ఇది నిర్ధారణ కాదు, పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే సూచన మాత్రమే.

ఇక వేడి చేయడం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. గ్రాఫిక్స్ చిప్ అని మనం చూసేది నిజానికి రెండంతస్తుల నిర్మాణం. పైన నల్లగా అద్దంలా మెరిసే సిలికాన్ ముక్క, దాని కింద ఆకుపచ్చ రంగు చిన్న పలక. సిలికాన్‌ను ఆ పలకకు కలిపేవి కంటికి ఆనని సూక్ష్మమైన టంకపు బుడిపెలు. వాటి చుట్టూ గట్టి జిగురు నింపి ఉంటుంది. ఆ పలకను మదర్‌బోర్డుకు కలిపేవి కింద ఉండే పెద్ద టంకపు బంతులు. వేడెక్కినప్పుడు సిలికాన్ సాగేది చాలా తక్కువ, పలక సాగేది దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ సాగి, ఆపిన ప్రతిసారీ కుంచించుకుపోతూ ఉండటం వల్ల పై అంతస్తులోని సన్నని బుడిపెల్లో ఏళ్ల మీద పగుళ్లు రావచ్చు.

ఇది ఊహ కాదు. 2008 జూలైలో ఎన్విడియా సంస్థ తన ల్యాప్‌టాప్ చిప్‌లలో కొన్నింటి ప్యాకేజింగ్ పదార్థం బలహీనంగా ఉందని ప్రకటించి, వారంటీ ఖర్చుల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. వాటిలో ఒకటైన 8600ఎం జీటీ చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ప్రో ల్యాప్‌టాప్‌లకు ఆపిల్ ఉచిత మరమ్మతు ఇవ్వవలసి వచ్చింది. అప్పట్లోనే బోర్డును ఇంటి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర పెట్టి తీస్తే బాగవుతుందన్న చిట్కా ప్రపంచమంతా పాకింది. నిజంగానే చాలా యంత్రాలు తిరిగి లేచాయి, కొన్ని వారాలు పనిచేసి మళ్లీ పోయాయి. ఎందుకో ఆలోచించండి. సీసం లేని టంకం కరగాలంటే 217 డిగ్రీలు దాటాలి. 200 డిగ్రీల వద్ద కింది బంతులు కరగనే కరగవు. అంటే బాగుపడింది బంతుల అతుకు కాదు. వేడికి లోపలి పొరలు సాగి, పగిలిన బుడిపె అంచులు తాత్కాలికంగా ఒకదానికొకటి తగిలాయి, అంతే. ఊపిరాడని రోగికి ఒక ఇంజక్షన్ ఇచ్చి కూర్చోబెట్టినట్టుంటుంది ఆ పని, జబ్బు లోపలే ఉంటుంది.

రీబాలింగ్ విషయంలోనూ తర్కం ఇదే. చిప్‌ను పైకి లేపి, కింది బంతులన్నీ తీసి, కొత్త బంతులు వేసి మళ్లీ కూర్చోబెట్టడం రీబాలింగ్. కింది బంతుల అతుకు నిజంగా చెడిపోయినప్పుడు, ఉదాహరణకు ల్యాప్‌టాప్ కిందపడి బోర్డు వంగినప్పుడో, నీళ్లు పడి బంతులకు తుప్పు పట్టినప్పుడో, దీనికి అర్థం ఉంది. లోపం చిప్ లోపలి బుడిపెల్లోనో, సిలికాన్‌లోనో, పక్కనున్న మెమరీలోనో ఉంటే పాత చిప్‌నే తిరిగి అతికించి ఏం లాభం? ఆ పనిలో తగిలిన వేడి వల్ల కొన్నాళ్లు పనిచేసి, దుకాణం ఇచ్చిన ముప్పై రోజుల గ్యారంటీ తీరాక మళ్లీ పోతే, మీ 8,000 పోవడమే కాకుండా బోర్డు ఒక పెద్ద వేడిని భరించి మరింత బలహీనపడుతుంది. హీట్ గన్ సంగతి మరీ ప్రమాదకరం. దానికి ఉష్ణోగ్రత మీద అదుపు ఉండదు, కింది నుంచి బోర్డును ముందుగా వేడి చేసే ఏర్పాటు ఉండదు. ఒకవైపే వేడెక్కిన బోర్డు వంగుతుంది, పక్కనున్న ప్లాస్టిక్ కనెక్టర్లు కరుగుతాయి, ఆవగింజంత కెపాసిటర్లు గాలికి కొట్టుకుపోతాయి. మీ విషయంలో ప్రాసెసర్ కూడా అదే బోర్డు మీద రెండు మూడు అంగుళాల దూరంలో ఉంది. ఇప్పటికీ పనిచేస్తున్న ప్రాసెసర్‌ను చేజేతులా ప్రమాదంలో పెట్టవద్దు.

మరి దుకాణానికి వెళ్లి ఏమని అడగాలి? సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గాని, మీ ఊళ్లోనే గాని, పెట్టె తెరిచి వేడిగాలి పరికరం చేతిలోకి తీసుకునేవారికి కాకుండా ముందు మల్టీమీటర్ (విద్యుత్ కొలతల మీటర్) చేతిలోకి తీసుకునేవారికి ఇవ్వండి. నిర్ధారణకు మాత్రమే రుసుము తీసుకొని, రాతపూర్వకంగా లోపం చెప్పి, మీరు ఒప్పుకున్నాకే మరమ్మతు మొదలుపెడతామనే చోటు మంచిది. ఆ రుసుము ఇవ్వడానికి వెనకాడకండి, ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన ఖర్చు అదే. ఎన్విడియా చిప్‌ల మెమరీని బ్యాంకుల (మెమరీలోని వేర్వేరు భాగాల) వారీగా పరీక్షించే మ్యాట్స్ (MATS) అనే ప్రోగ్రాం బోర్డు పని తెలిసినవారి దగ్గర ఉంటుంది. దానితో పరీక్షించారా, ఏ బ్యాంకులో తప్పులు వచ్చాయని అడగండి. తప్పులన్నీ ఒకే బ్యాంకులో ఉంటే ఆ ఒక్క మెమరీ చిప్‌ను మార్చితే సరిపోయే అవకాశం బాగా ఉంది. చిటికెన వేలి గోరంత ఉండే ఆ చిప్ కింద 180 బంతులుంటాయి. దాన్ని మార్చడం నేర్పు కావలసిన పనే గాని, ప్రధాన చిప్‌ను కదిలించడంతో పోలిస్తే ప్రమాదం చాలా తక్కువ. కొత్త చిప్ అదే రకానిది, అదే వేగానిది కావాలని పట్టుబట్టండి. తప్పులు అన్ని బ్యాంకుల్లోనూ చెల్లాచెదురుగా ఉంటే లోపం మెమరీని నడిపే ప్రధాన చిప్‌లోనే ఉండవచ్చు.

విద్యుత్ భాగాల విషయంలో ఒక జాగ్రత్త. గ్రాఫిక్స్ చిప్ ప్రధాన కరెంటు లైనులో నిరోధం బాగున్న బోర్డులోనే ఒక ఓమ్ కన్నా తక్కువ ఉంటుంది. అనుభవం లేనివారు మీటర్ బీప్ అనగానే షార్ట్ ఉంది, చిప్ పోయిందని తేల్చేస్తారు. మీటర్ కొనల నిరోధాన్ని తీసివేసి, పనిచేసే అలాంటి బోర్డు కొలతతో పోల్చి చెప్పినవారి మాటనే నమ్మండి. నిజంగా ఒక మాస్‌ఫెట్టో (కరెంటును ఆపి వదిలే చిన్న స్విచ్) కెపాసిటరో షార్ట్ అయి ఉంటే అది చవకైన మరమ్మతు, చిప్ బతికే ఉంటే ల్యాప్‌టాప్ పూర్తిగా కోలుకుంటుంది. అయితే విద్యుత్ భాగం షార్ట్ అయినప్పుడు సాధారణంగా యంత్రం అసలే ఆన్ కాదు, మీది ఆన్ అవుతోంది.

62,000 పెట్టి బోర్డు మార్చడం గురించి. కంపెనీ బోర్డు అంటే కొత్త ప్రాసెసర్, కొత్త గ్రాఫిక్స్ చిప్ కలిసి వస్తాయి కాబట్టి మరమ్మతుగా చూస్తే అదే అన్నిటికన్నా నమ్మకమైనది. కానీ మూడేళ్ల నాటి తెర, బ్యాటరీ, కీబోర్డు, మడతలతో ఉన్న యంత్రం మీద అంత డబ్బు పెట్టడం నాకు సమ్మతం కాదు. పైగా మార్చిన బోర్డుకు ఇచ్చే హామీ చాలాచోట్ల మూడు నెలలే ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్ ధరలో సగం దాటిన మరమ్మతుకు నేను ఎవరికీ సలహా ఇవ్వను, మూడేళ్లు దాటిన వాటికి మూడో వంతు దాటినా ఆలోచించమంటాను.

అయితే ఆ 62,000 అంకె దగ్గరే ఆగిపోకండి. గళ్లు కనిపించిన మొదటి ఫిర్యాదు మీరు వారంటీ కాలంలో చేశారా? అప్పుడు సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ఉంటే, వాళ్లు డ్రైవర్ వేసి పంపించి ఉన్నా సరే, ఆ జాబ్ షీట్ మీ చేతిలో ఉంటే కథ మారుతుంది. లోపం వారంటీలోనే మొదలైందనడానికి అది ఆధారం. జాబ్ షీట్, బిల్లు, ఈవెంట్ వ్యూయర్ తేదీల ఫొటోలు జతచేసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ రాయండి, ఫోన్ మాటలకు రుజువు ఉండదు. వారంటీ ఇటీవలే ముగిసిన సందర్భాల్లో కొన్ని కంపెనీలు విడిభాగం ధరలో రాయితీ ఇస్తాయి. అడిగితేనే ఇస్తాయి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కొన్న ధర ఐదు లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా వేయాలి.

ఇక ల్యాప్‌టాప్‌ను ఉన్న స్థితిలోనే వాడుకోవడం. మీకు నేను మొదట సూచించేది ఇదే కాబట్టి పద్ధతి సరిగ్గా చెబుతాను. డివైస్ మేనేజర్‌లో విడి చిప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయకండి, డిసేబుల్ చేయండి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే విండోస్ అప్‌డేట్ దాన్ని చూసి మళ్లీ డ్రైవర్ వేస్తుంది, మళ్లీ తెర నల్లబడుతుంది. అయితే డిసేబుల్ చేసినంత మాత్రాన చిప్‌కు కరెంటు పూర్తిగా ఆగదు. డ్రైవర్ లేని చిప్ నిద్రలోకి వెళ్లక ఊరికే బ్యాటరీని తినేయవచ్చు. అందువల్ల మీ కంపెనీ యుటిలిటీలో గాని బయాస్‌లో గాని ప్రాసెసర్ గ్రాఫిక్స్ మాత్రమే వాడే మోడ్ ఉంటే దాన్నే ఎంచుకోండి. అది చిప్‌కు వెళ్లే కరెంటునే ఆపేస్తుంది, బ్యాటరీ మునుపటికన్నా ఎక్కువసేపు వస్తుంది, ఫ్యాన్ల శబ్దమూ తగ్గుతుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ విడి చిప్ మాత్రమే వాడే డిస్క్రీట్ మోడ్‌లో పెట్టకండి. ఆ మోడ్‌లో తెర నేరుగా చెడిన చిప్‌కు అతుక్కుంటుంది, బయాస్ తెర కూడా కనిపించకుండా పోవచ్చు. ఇప్పటికే అలా జరిగి ఉంటే, బ్యాటరీ తీగను, బయాస్ సెల్‌ను కొద్దిసేపు విప్పి పెడితే చాలా మోడళ్లలో సెట్టింగ్ మొదటి స్థితికి వస్తుంది. మొదటి పేరాల్లో చెప్పిన రికవరీ కీ అప్పుడు అవసరమవుతుంది.

మీ ప్రాసెసర్‌లోని వేగా 8 గ్రాఫిక్స్‌ను తక్కువగా అంచనా వేయకండి. దానికి సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకని ర్యామ్ రెండు స్లాట్లలోనూ ఉండటం దానికి ప్రాణం. మీ దగ్గర ఒక్కటే 8 జీబీ ర్యామ్ ఉంటే, అలాంటిదే డీడీఆర్4 3200 వేగం గల మరొక 8 జీబీ కొని రెండో స్లాటులో పెట్టండి. ఒకే స్లాటుతో నత్తనడక నడిచే ఆటలు రెండు స్లాట్లతో ఆడదగినంతగా మారడం కళ్లారా కనిపిస్తుంది. ఈ సందర్భంలో పెట్టదగిన మొదటి ఖర్చు ఇదే. వేలొరంట్, డోటా 2, జీటీఏ 5 వంటివి 720పీలోనో, తక్కువ సెట్టింగులతో 1080పీలోనో ఆడుకోవచ్చు. కొత్త పెద్ద ఆటల మీద ఆశ పెట్టుకోవద్దు. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు కూడా గ్రాఫిక్స్ చిప్ కావాలన్నారు. ఏఐ మోడల్ ట్రైనింగ్ పని అయితే గూగుల్ కోల్యాబ్, కాగుల్ అనే వెబ్‌సైట్లలో పరిమిత గంటలపాటు ఉచితంగా జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఇస్తారు. విద్యార్థి ప్రాజెక్టుకు చాలావరకు అది సరిపోతుంది. హెచ్‌డీఎంఐ పోర్టును ఒకసారి పరీక్షించుకోండి. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు విడి చిప్‌కే కలిపి ఉంటుంది, కాబట్టి ఇకపై బయటి మానిటర్ రాకపోవచ్చు. టైప్ సీ పోర్టు ప్రాసెసర్ వైపు ఉంటే దాని ద్వారా వస్తుంది.

బయట గ్రాఫిక్స్ కార్డు తగిలించవచ్చా అని కూడా అడిగారు. మీ తరం రైజెన్ ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా థండర్‌బోల్ట్ (బయటి కార్డును తేలిగ్గా కలపగల వేగవంతమైన పోర్టు) ఉండదు. రెండో ఎస్‌ఎస్‌డీ స్లాటులో అడాప్టర్ పెట్టి, నాలుగు లేన్ల పీసీఐఈ 3.0 (బోర్డు మీద కార్డులకు, డిస్కులకు సమాచారం వెళ్లే దారి) ద్వారా డెస్క్‌టాప్ కార్డును కలపడం సాధ్యమే. కానీ కింది మూత తెరిచి ఉంచాలి, విడిగా డెస్క్‌టాప్ పవర్ సప్లై కావాలి, మంచి ఫలితానికి బయటి మానిటర్ కావాలి. చేతిలో ఇప్పటికే డెస్క్‌టాప్ కార్డు ఉన్నవారికి తప్ప ఇది లాభసాటి కాదు. అన్నీ కొత్తగా కొనాల్సి వస్తే ఆ డబ్బుకు మరికొంత కలిపి పాత డెస్క్‌టాప్ కొనుక్కోవడం మేలు.

ఎందుకు పోయిందన్న దానికి కచ్చితమైన జవాబు బోర్డు తెరిచి చూస్తే గాని చెప్పలేం. మీరు విజయవాడలో, ఏసీ లేని గదిలో, వేసవిలో కూడా గంటల తరబడి ఆడేవారమని రాశారు. గది 40 డిగ్రీలుంటే, 25 డిగ్రీల గదితో పోలిస్తే చిప్ కూడా దాదాపు అంతే తేడాతో వేడెక్కుతుంది. ప్రధాన చిప్ తన వేడి చూసుకొని వేగం తగ్గించుకుంటుంది గాని, మెమరీ చిప్‌ల వేడి చాలా ల్యాప్‌టాప్‌లలో తెర మీద అంకెగా కనిపించదు. వాటి మీద ఉండే థర్మల్ ప్యాడ్ (వేడిని బయటికి పంపే మెత్తని పట్టీ) ఎండిపోయినా, ఎవరైనా సర్వీసులో తప్పు మందం ప్యాడ్ పెట్టినా, ప్రధాన చిప్ చల్లగా కనిపిస్తూనే మెమరీ ఉడికిపోతుంది. మందం ఎక్కువైతే హీట్ సింక్ (వేడిని లాగే లోహపు పలక) ప్రధాన చిప్‌కే సరిగా ఆనదు. మీ యంత్రాన్ని ఎప్పుడైనా విప్పి చిప్‌కు, హీట్ సింక్‌కు మధ్య పూసే పేస్ట్ మార్పించి ఉంటే ఆ సంగతి పరీక్షించేవారికి తప్పక చెప్పండి.

శుభ్రంగా డ్రైవర్ వేశాక వచ్చిన ఫలితం, 4101 సంఘటనలు మొదలైన తేదీ, లినక్స్‌లో చిప్ పేరు కనిపించిందా లేదా, ఈ మూడు వివరాలు తెలపండి. వాటిని బట్టి మెమరీ పరీక్ష చేయించడం దండగా కాదా అన్నది చెప్పగలను. అప్పటిదాకా ల్యాప్‌టాప్‌ను ఏ దుకాణంలోనూ ఉంచి రాకండి.